ఫెరిటిన్ అంకె ఇనుము లెక్క కాదు

నాచారంలో మేముండే అపార్ట్‌మెంట్లలో నెలకోసారి ఎవరో ఒక నిపుణులను పిలిచి ఆరోగ్యం మీద మాట్లాడించే అలవాటు ఒకటుంది. ఈమధ్య ఒక పోషకాహార నిపుణురాలు వచ్చారు. తడుముకోకుండా, కాగితం చూడకుండా, నవ్వుతూ మాట్లాడారు. మాటల మధ్యలో, "ఫెరిటిన్ అంటే మీ ఇనుము బ్యాంకు బ్యాలెన్సు. హిమోగ్లోబిన్ పర్సులో ఉన్న డబ్బు. పర్సు నిండుగా ఉన్నా ఖాతా ఖాళీగా ఉండొచ్చు, చూసుకోండి" అన్నారు. ముందు వరసలోవాళ్లు తలలూపారు. ఒకావిడ ఫోనులో రాసుకున్నారు కూడా.

ఇంటికి వెళ్లాక కూడా గుర్తుండే మాట చెప్పడం అందరివల్లా అయ్యే పని కాదు. డిగ్రీ కాలేజీలో చాలాకాలం బయోకెమిస్ట్రీ చెప్పినదాన్ని కాబట్టి ఆ కష్టం నాకు తెలుసు. అయినా ఆ పోలిక నాకు మింగుడుపడలేదు. బ్యాంకులో ఎంత ఉంటే అంత మంచిది. కావలసినప్పుడు తీసుకోవచ్చు. పాసుపుస్తకంలో అంకె అబద్ధమాడదు. ఫెరిటిన్ అంటే కణాల్లో ఇనుమును తన లోపల పట్టి ఉంచే ప్రోటీన్. దాని విషయంలో ఈ మూడూ చెల్లవు. ఆ ప్రోటీన్ నిర్మాణం చూసినకొద్దీ, ఇనుమును దాచిపెట్టడం దానికి రెండో పని అనీ, ఇనుము చేసే హాని నుంచి కణాన్ని కాపాడడమే మొదటి పని అనీ నాకు అనిపిస్తుంది. ల్యాబ్ రిపోర్టును, ఐరన్ మాత్రను, రేషన్ బియ్యంలో కలిపే పోషకాలను కూడా ఆ వైపు నుంచే చూడాలని నా వాదన. దీనికి అడ్డొచ్చే మాటలు లేకపోలేదు. వాటి దగ్గరికీ వస్తాను.

విడిగా తిరగనివ్వకూడని లోహం

ఎదిగిన మనిషి ఒంట్లో ఇనుము మొత్తం కలిపి 3 నుంచి 4 గ్రాములు. అందులో మూడింట రెండు వంతులు హిమోగ్లోబిన్‌లోనే ఉంటుంది. ఆహారం నుంచి రోజూ రక్తంలోకి చేరేది 1-2 మిల్లీగ్రాములు. ముసలి ఎర్రకణాలను విడగొట్టి శరీరం మళ్లీ వాడుకునేది రోజుకు 20-25 మిల్లీగ్రాములు. అంటే మన ఇనుములో ఎక్కువ భాగం పాతదే, తిరిగి తిరిగి వచ్చేదే. బయటికి పంపే దారి మాత్రం లేదు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలో పోతుంది, ఇనుము పోదు. రాలిపోయే చర్మకణాలు, పేగు కణాలతో పాటు కాస్త పోతుంది. నెలసరిలోనో ప్రసవంలోనో దెబ్బ తగిలినప్పుడో రక్తంతో పోతుంది. అంతకుమించి వదిలించుకునే ఏర్పాటు మన ఒంట్లో లేదు.

అంత జాగ్రత్తగా పట్టి ఉంచుకునే లోహాన్ని కణం ఒక్క క్షణం కూడా విడిగా తిరగనివ్వదు. ఫెర్రస్ అనే కరిగే, చురుకైన రూపంలో ఉన్న ఇనుము కణంలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను తాకితే హైడ్రాక్సిల్ రాడికల్ అనే విపరీతమైన చురుకున్న కణిక పుడుతుంది. ఇనుముకూ పెరాక్సైడ్‌కూ మధ్య జరిగే ఈ చర్యను హెన్రీ ఫెంటన్ 1894లోనే వర్ణించాడు. ఆ రాడికల్ డీఎన్‌ఏ అనీ కొవ్వు పొర అనీ చూడదు, ఎదురుపడినదాన్నల్లా దెబ్బతీస్తుంది. పోనీ ఆక్సిజన్‌తో కలిసి ఏర్పడే ఫెర్రిక్ అనే రెండో రూపంలోకి మార్చేద్దామంటే, అది నీటిలో కరగక తుప్పులా పేరుకుంటుంది. ఒకటి చురుకు ఎక్కువై ప్రమాదం, మరొకటి కరగక ప్రమాదం. ఫెరిటిన్ ఈ రెంటికీ ఒకేసారి చెప్పిన జవాబు.

తిల్లిలో దొరికిన గోళం

ఫెరిటిన్‌ను 1937లో విలెమ్ లౌఫ్‌బెర్గర్ అనే చెక్ శాస్త్రవేత్త గుర్రం ప్లీహం నుంచి వేరుచేశాడు. ప్లీహం అంటే మన మటన్ షాపుల్లో దొరికే తిల్లి. పిల్లకు రక్తం పట్టాలంటే తిల్లి తినిపించమని మా అత్తగారు అనేవారు. ఆ సలహాకు ఈ ప్రోటీన్ ఎంతో కొంత సాక్ష్యం పలుకుతుంది. విద్యార్థులకు చూపించడానికి నేను కూడా షాపు నుంచి తిల్లి తెప్పించేదాన్ని. నూరి, నీళ్లలో కలిపి, 75 డిగ్రీల దాకా వేడిచేస్తే మిగతా ప్రోటీన్లు చాలావరకు విరిగి ముద్దకడతాయి. వడకట్టాక దిగే గోధుమరంగు నీళ్లలో ఫెరిటిన్ చెక్కుచెదరకుండా ఉంటుంది. తమిళనాడు నుంచి వచ్చిన ఒక శాకాహారి విద్యార్థిని ముక్కుకు చున్నీ అడ్డం పెట్టుకుని మరీ ఆ ప్రయోగం చేసింది. అందరికంటే బాగా చేసింది కూడా.

ఆ వేడికి తట్టుకునే కట్టడం ఎలా ఉంటుందో చూద్దాం. ఇరవై నాలుగు ప్రోటీన్ గొలుసులు ఒకదానికొకటి అమరి, లోపల ఖాళీ ఉన్న గోళంగా ఏర్పడతాయి. వెలుపలి వ్యాసం 12 నానోమీటర్లు, లోపలి ఖాళీ 8 నానోమీటర్లు. ఒక్కో గొలుసులో నాలుగు పొడవాటి హెలిక్స్‌లు (స్ప్రింగులా మెలితిరిగిన భాగాలు) పక్కపక్కనే కట్టగా ఉంటాయి, కొసన మరో పొట్టిది. ఆ ఖాళీలో 4,500 దాకా ఇనుము పరమాణువులు పడతాయి. సాధారణంగా అంత నిండుగా ఉండదు.

గొలుసులు మూడేసి కలిసేచోట గోడలో సన్నని దారులు ఏర్పడతాయి. అలాంటివి ఎనిమిది. వాటి అంచుల్లో ఆస్పార్టేట్, గ్లుటమేట్ అనే ఋణావేశమున్న అమైనో ఆమ్లాలు ఉంటాయి కాబట్టి ధనావేశమున్న ఫెర్రస్ ఇనుము లోపలికి లాగబడుతుంది. నాలుగేసి గొలుసులు కలిసే చోట్లు మరో ఆరు ఉన్నాయి. వాటి సంగతి కాసేపట్లో చెబుతాను.

ఇక్కడి నుంచి నాకు అసలు ఆసక్తి మొదలవుతుంది. ఆ గొలుసులన్నీ ఒకే రకం కావు. హెచ్, ఎల్ అని రెండు రకాలు, వాటి జన్యువులు వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి. ఎల్ గొలుసు లోపలికి వచ్చిన ఇనుము ఖనిజంగా పేరుకోవడానికి తోడ్పడుతుంది. హెచ్ గొలుసు ఎంజైము. దాని నడుమ రెండు ఇనుము పరమాణువులు ఇమిడే చోటు ఉంది. అక్కడ ఆక్సిజన్ సాయంతో ఫెర్రస్ ఫెర్రిక్‌గా మారిపోతుంది. ఆ తర్వాత అది ఖాళీలోకి జారి ఫెరిహైడ్రైట్ లాంటి ఖనిజంగా స్థిరపడుతుంది. తుప్పు పట్టాల్సిందే పడుతుంది. కాకపోతే నీటిలో కరిగే ఒక ప్రోటీన్ గోళం లోపల, ఎవరికీ తగలకుండా పడుతుంది.

దాచుకోవడమే లక్ష్యమైతే ఎల్ రకమే అన్నిచోట్లా ఎక్కువ ఉండాలి కదా? కాలేయంలోనూ ప్లీహంలోనూ అలాగే ఉంది. గుండెలోనూ మెదడులోనూ హెచ్ ఎక్కువ. అవి నిల్వ చేసే అవయవాలు కావు, ఆక్సిజన్‌ను విపరీతంగా వాడేవి. అక్కడ కావలసింది ఫెర్రస్‌ను వెంటనే పట్టి చురుకు తీసేసేవాడు. హెచ్ జన్యువు పూర్తిగా లేని ఎలుకలు పిండదశలోనే చనిపోతాయి. బ్యాక్టీరియాలో డీపీఎస్ అనే చిన్న బంధువు ఉంది, పన్నెండు గొలుసులది. తిండి దొరకని కాలంలో అది డీఎన్‌ఏకు అంటుకుని, ఇనుమునూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌నూ ఒకేసారి ఖర్చుపెట్టి ఆ డీఎన్‌ఏను కాపాడుతుంది. దాని పేరుకు అర్థం ఆకలితో ఉన్న కణాల్లో డీఎన్‌ఏకు అంటుకునే ప్రోటీన్ అని, ఇనుమును దాచడం ఊసు అందులో లేదు.

మనిషి హెచ్ ఫెరిటిన్ ఆకారం 1991లో ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో పాలిన్ హారిసన్ బృందం చేతుల్లో తేలింది. ఆకారం చూడడానికి ప్రోటీన్‌ను స్ఫటికాలుగా కట్టించాలి, మనిషి ప్రోటీన్ మంచి స్ఫటికాలుగా కుదరలేదు. ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి, పక్కపక్క గోళాల మధ్య కాడ్మియం అతుక్కునే చోటు కల్పించాక కుదిరింది. 1937లో లౌఫ్‌బెర్గర్ గుర్రం ఫెరిటిన్‌ను స్ఫటికాలుగా చేసింది కూడా కాడ్మియం ఉప్పుతోనే. ఇది నా వాదనకు ఏమీ పనికిరాదు, చెప్పకుండా ఉండలేకపోయాను.

ఇక తీసుకోవడం సంగతి. లోపలి ఇనుము కావాలనుకున్నప్పుడు కణం ఎక్కువగా చేసే పని, ఆ గోళాన్నే లైసోజోముకు, అంటే కణంలో పాతవాటిని కరిగించే సంచికి, పంపి కరిగించడం. ఎన్‌కోఏ4 అనే ప్రోటీన్ గోళాన్ని పట్టుకుని అక్కడికి చేరుస్తుందని 2014లో తేలింది. పరీక్షనాళికలో అయితే తగిన రసాయనాలు వేసి దారుల గుండానే ఇనుమును బయటికి రప్పించవచ్చు, ఒంట్లో కూడా కొంత అలాగే జరుగుతుందనేవాళ్లు ఉన్నారు. ఏదైనా, మీట నొక్కగానే వచ్చే వ్యవహారం కాదు.

రిపోర్టులో ఉన్న అంకె దేనిది

ఇప్పటిదాకా చెప్పింది కణం లోపలి ఫెరిటిన్ గురించి. ల్యాబ్ వాళ్లు కొలిచేది రక్తంలో తిరిగే ఫెరిటిన్‌ను. దాన్ని నమ్మకంగా కొలిచే పద్ధతి 1972లో వచ్చింది. రక్తంలో ఉండేది చాలావరకు ఎల్ రకమే, దాని లోపల ఇనుము చాలా తక్కువ. పైగా పరీక్షలో యాంటీబాడీ పట్టుకునేది ప్రోటీన్‌ను. లోపల ఎంత ఇనుముందో ఆ పరీక్ష చూడనే చూడదు. మనం లెక్కపెడుతున్నది గోళాలను.

మరి గోళాల సంఖ్యకూ ఇనుముకూ సంబంధం ఎలా కుదిరింది? కణంలో ఇనుము తక్కువగా ఉన్నప్పుడు ఫెరిటిన్ ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి సూచనలు మోసే అణువు) మొదట్లో ఉన్న ఒక మడతకు నియంత్రక ప్రోటీన్ అంటుకుని, తయారీని ఆపుతుంది. ఇనుము రాగానే అది వదిలేస్తుంది, గోళాలు తయారవుతాయి. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న మనిషిలో గోళాలు ఇనుమును అనుసరిస్తాయి. మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము ఫెరిటిన్ ఉంటే ఒంట్లో సుమారు 8 నుంచి 10 మిల్లీగ్రాముల నిల్వ ఉన్నట్టు అంచనా వేస్తారు. ఇంతవరకు ఆ నిపుణురాలి మాట నిలుస్తుంది.

ఇప్పుడు 2021 వేసవి గుర్తుతెచ్చుకోండి. హైదరాబాదులో సగం కుటుంబాల వాట్సాప్‌లలో సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపే పరీక్ష), డీ-డైమర్ (రక్తం గడ్డకట్టడాన్ని చూపేది), ఫెరిటిన్ రిపోర్టులు తిరిగాయి. కోవిడ్‌తో ఆసుపత్రిలో ఉన్న మా బంధువు ఒకాయనకు ఫెరిటిన్ 1,500 వచ్చింది. పై లెక్క ప్రకారం ఆయన నిల్వ 12 గ్రాములు. మనిషి ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపినా 4 గ్రాములు దాటదని ముందే చెప్పుకున్నాం. వారంలో ఎనిమిది గ్రాముల ఇనుము ఆయనకు ఎక్కడి నుంచి వచ్చింది? ఎక్కడి నుంచీ రాలేదు. ఇన్‌ఫ్లమేషన్, అంటే ఇన్‌ఫెక్షన్‌కో గాయానికో ఒళ్లు చూపే వాపు స్పందన, మొదలవగానే సైటోకైన్లనే సంకేత ప్రోటీన్లు ఇనుముతో పని లేకుండానే ఫెరిటిన్ తయారీని పెంచుతాయి. అదే సమయంలో కాలేయం హెప్సిడిన్ అనే హార్మోనును విడుదల చేసి, కణాల నుంచి ఇనుము బయటికొచ్చే దారిని మూసేస్తుంది. చొరబడిన సూక్ష్మజీవికి ఇనుము దొరక్కుండా చేసే ఎత్తు ఇది. రక్తంలో ఇనుము పడిపోతుంది, ఫెరిటిన్ పెరుగుతుంది. ఎర్రకణాలు తయారుచేసే ఎముక మూలుగ ఇనుము కోసం ఎదురుచూస్తుంటే రిపోర్టులో మాత్రం బ్యాలెన్సు భారీగా కనిపిస్తుంది.

మా పై అంతస్తులో ఉండే పెద్దాయనకు షుగరు, కాలేయంలో కొవ్వు ఉన్నాయి. ఆమధ్య హెల్త్ ప్యాకేజీలో ఫెరిటిన్ 640 వచ్చింది. ఒంట్లో ఇనుము పొంగిపోతోందని ఆయనకు ఎవరో చెప్పారు. పాలకూర, తోటకూర, గోంగూర అన్నీ బంద్. టీ ఇనుమును పట్టి ఆపుతుందని కూడా ఎక్కడో చదివి, ప్రతి భోజనం తర్వాత ఒక కప్పు మొదలుపెట్టారు, చక్కెరతో. రక్తంలో ఇనుమును మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచ్యురేషన్ చూపించుకోమని నేను పోరితే చివరికి చేయించారు. 28 శాతం. ఇనుము నిజంగా ఎక్కువైతే సాధారణంగా అది 45 దాటుతుంది. ఆయన సమస్య కాలేయంలో ఉంది, గోంగూరలో లేదు.

రెండోవైపు మా మేనకోడలు. మాదాపూర్‌లో ఉద్యోగం, జుట్టు ఊడిపోవడం, మెట్లెక్కితే ఆయాసం. సీబీపీ (రక్తకణాల పరీక్ష) చేయిస్తే హిమోగ్లోబిన్ 12.3. "రక్తం బాగానే ఉంది, ఒత్తిడి తగ్గించుకోండి" అని ఒక క్లినిక్‌లో పంపించేశారు. ఫెరిటిన్ చేయించాక 8 వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లలో 15 కంటే తక్కువైతే ఇనుము లోపమే. ఇన్‌ఫెక్షన్ గానీ ఇన్‌ఫ్లమేషన్ గానీ ఉంటే అదే గీతను 70కి పెంచమన్నారు. ఒకే మనిషికి ఒకే పరీక్షలో గీత 15 దగ్గరా 70 దగ్గరా ఉండగలదంటే, ఆ అంకె ఒంటరిగా చెప్పగలిగేది ఎంత? నాకు అర్థమైనంతలో, తక్కువ ఫెరిటిన్‌ను దాదాపు కళ్లు మూసుకుని నమ్మవచ్చు, ఎందుకంటే దాన్ని అంతగా కిందికి దించేది ఇనుము లోపం తప్ప పెద్దగా లేదు. ఎక్కువ ఫెరిటిన్ మాత్రం ఎన్నో కారణాలతో రావచ్చు, ఏ కారణమో తాను చెప్పదు. బ్యాంకు పోలికలో ఈ తేడాకు చోటు లేదు.

రెండు అరుదైన జబ్బులు ఈ సంగతిని ఇంకా గట్టిగా చెబుతాయి. ఒకదానిలో, ఇందాక చెప్పిన ఎంఆర్‌ఎన్‌ఏ మడతలోనే లోపం ఉంటుంది. ఆపేవాడు లేక ఎల్ ఫెరిటిన్ తయారవుతూనే ఉంటుంది. రక్తంలో ఫెరిటిన్ వెయ్యి దాటవచ్చు, ఇనుము మాత్రం మామూలే. కంటి కటకంలో ఆ ప్రోటీన్ పేరుకుని చిన్న వయసులోనే శుక్లాలు వస్తాయి. 1995లో దీని మూలం తెలిసింది. ఇనుము ఎక్కువైందనుకుని ఇలాంటివాళ్ల రక్తం తీసేస్తే త్వరగా రక్తహీనతలో పడతారు. రెండోది 2001లో ఇంగ్లండులోని కంబ్రియా ప్రాంతపు కుటుంబాల్లో గుర్తించిన న్యూరోఫెరిటినోపతి. ఎల్ గొలుసు చివర చెడిపోయి, నాలుగేసి గొలుసులు కలిసే ఆ ఆరు చోట్ల గోడ వదులవుతుంది. ఇనుము జారిపోయి మెదడు లోతుల్లో పేరుకుంటుంది, కదలికలు అదుపు తప్పుతాయి. వీళ్లలో రక్తంలో ఫెరిటిన్ తరచు తక్కువే ఉంటుంది. మొదటివాళ్లకు అంకె కొండంత, ఇనుము మామూలు. రెండోవాళ్లకు అంకె చిన్నది, మెదడులో ఇనుము.

డాక్టరు స్నేహితురాలి అభ్యంతరం

ఇదంతా ఉస్మానియా మెడికల్ కాలేజీలో చదివిన నా స్నేహితురాలికి ఫోనులో వినిపించాను. ఓపికగా విని, "నీకు పాఠం చెప్పే అలవాటు ఇంకా పోలేదే. నా ముందు కూర్చునే మనిషికి నేనివ్వగలిగేది నాలుగు నిమిషాలు. ఖాతా ఖాళీ అయిందమ్మా అంటే మాత్రలు వేసుకుంటుంది. ఇరవై నాలుగు గొలుసులు అంటే వేసుకుంటుందా?" అంది. ఆ తర్వాత ఇంకొకటి అంది, అది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "ఎక్కువ ఫెరిటిన్‌తో బెంబేలెత్తేవాళ్లు మీ అపార్ట్‌మెంట్లలో ఉంటారు. నా ఓపీకి వచ్చే ఆడవాళ్లలో ఎక్కువమందికి నిజంగానే ఖాళీ."

ఆ మాట కాదనలేను. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతానికి రక్తహీనత అని తేలిన దేశం మనది. ఇనుము ప్రమాదకరమని పదేపదే చెబితే, మాత్ర వేసుకోవాల్సిన గర్భిణి భయపడి మానేస్తే ఆ పాపం ఎవరిది? ఈ వ్యాసం రాయాలా వద్దా అని తటపటాయించింది అందుకే.

అయితే కాపాడే ప్రోటీన్ అన్న దృష్టి మాత్రలను మానమని చెప్పదు, ఎలా వేసుకోవాలో చెబుతుంది. ఒక పెద్ద మోతాదు పడగానే హెప్సిడిన్ పెరిగి, సుమారు ఒక రోజు పాటు తర్వాతి మోతాదును పేగులోనే అడ్డుకుంటుంది. రోజు విడిచి రోజు ఇస్తే ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ ఇనుము లోపలికి చేరుతుందని 2017లో స్విట్జర్లాండు పరిశోధకులు ఇనుము లోపమున్న స్త్రీలలో చూపించారు. మా మేనకోడలికి రెండో డాక్టరు అలాగే రాశారు. మలబద్ధకం కూడా తగ్గిందని ఆమె సంతోషం. (బిర్యానీ అయ్యీ అవగానే ఇరానీ చాయ్ తాగే అలవాటు మాత్రం మానలేదు.) ఖాతాలో డబ్బు వేసేవాడు రోజూ వేస్తే మేలు అనుకుంటాడు. ఒళ్లు అలా అనుకోదు.

రేషన్ బియ్యం, తార్నాక సర్వే

ఎవరికి లోపం ఉందో చూడకుండా ఇనుమును తిండిలో కలిపి అందరికీ ఇవ్వడం దగ్గర చిక్కు ఎక్కువ. బలవర్ధక బియ్యంలో కిలోకు 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని నిబంధన. ఆ గింజలను చూసి ప్లాస్టిక్ బియ్యమని ఏరిపారేసినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. అది వట్టి అపోహ. ఆ మోతాదు కూడా ఆరోగ్యవంతుడి పేగు సులభంగా అదుపు చేసుకోగలిగినదే. నాకు దిగులు థలసీమియా అనే వంశపారంపర్య రక్తరోగంతో తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లల విషయంలో. ఎక్కించే ఒక్కో యూనిట్ రక్తంలో 200-250 మిల్లీగ్రాముల ఇనుము వస్తుంది, బయటికి దారి లేదు. గోళాలు నిండుతాయి, హీమోసిడెరిన్ అనే కరగని పదార్థంగా ముద్దకడతాయి, గుండె దెబ్బతింటుంది. శివరాంపల్లిలోని థలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ లాంటి చోట్ల ఫెరిటిన్ రిపోర్టు చేతపట్టుకుని కూర్చునే తల్లిదండ్రులకు ఆ అంకె తగ్గడమే పండగ. ఇలాంటివాళ్ల కోసం బలవర్ధక బియ్యం ప్యాకెట్ల మీద ఉండాల్సిన హెచ్చరికను 2024లో తీసేశారు. పథకం సరైనదే అనుకునే నేను కూడా ఆ హెచ్చరికను తీసేయడం సరికాదంటాను.

జాంజిబార్‌లోని పెంబా దీవిలో, మలేరియా విపరీతంగా ఉన్నచోట, చిన్నపిల్లలందరికీ ఇనుము, ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆసుపత్రి చేరికలూ మరణాలూ పెరిగాయని 2006లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అందులోనే ఒక భాగంలో, ఇనుము లోపమూ రక్తహీనతా రెండూ ఉన్న పిల్లలకు మేలు జరిగింది. హైదరాబాదు పెంబా కాదు. కానీ ఎవరికి ఇస్తున్నామో తెలుసుకుని ఇవ్వడానికీ తెలియకుండా ఇవ్వడానికీ తేడా అక్కడ స్పష్టంగా కనిపించింది.

మన దగ్గర ఆ తెలుసుకోవడం ఒకసారి జరిగింది. 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో పిల్లల సిర నుంచి రక్తం తీసి, హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూశారు. 1-4 ఏళ్ల పిల్లల్లో రక్తహీనత 41 శాతం, ఇనుము లోపం 32 శాతం. 5-9 ఏళ్లలో 24, 17. రెండూ ఒకటి కావని ఆ అంకెలే చెబుతున్నాయి. బి12, ఫోలేట్, ఇన్‌ఫెక్షన్లు, వంశపారంపర్య కారణాలు మిగతా భాగంలో ఉన్నాయి. ఆరో కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి రక్తహీనత పరీక్షను తొలగించి, ఆ పనిని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చేపట్టిన వేరే సర్వేకు అప్పగించారు. ఇనుము కలిపిన ఉప్పు మీద 1970లలోనే పనిచేసిన సంస్థ అది. సర్వే ఫలితాలను ఎలా ప్రచురిస్తారన్న విషయంలో నా కోరిక ఒక్కటే. ఫెరిటిన్ పక్కనే సీఆర్‌పీ కూడా ఇవ్వాలి, ఇన్‌ఫ్లమేషన్ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ వేర్వేరు గీతలతో లెక్కించి రెండు పట్టికలూ జిల్లాలవారీగా బయటపెట్టాలి. అలా ఇస్తే, ఏ జిల్లాలో ఐరన్ మాత్ర పెంచాలో, ఏ జిల్లాలో ముందు నులిపురుగుల మందూ మరుగుదొడ్లూ చూడాలో కలెక్టరు కార్యాలయంలో కూర్చున్న వైద్యాధికారికి తెలుస్తుంది.